మూలశిల నుంచి నిల్వశిల దాకా: షేల్‌పై మారిన అవగాహన

మేము చదువుకున్న రోజుల్లో చమురు భూగర్భశాస్త్రంలో మూడు శిలలను విడివిడిగా చెప్పేవారు. చమురు పుట్టేది మూలశిల, చేరి నిలిచేది నిల్వశిల, పైకి పోకుండా ఆపేది కప్పుశిల. షేల్‌కు మొదటి పాత్ర, మూడో పాత్ర మాత్రమే దక్కేవి. నిల్వశిల అంటే ఇసుకరాయి, లేదా సున్నపురాయి. షేల్‌ను నిల్వశిల అని రాసిన విద్యార్థికి మార్కులు పోయేవి. అలా మార్కులు తగ్గించినవారిలో నేనూ ఉన్నాను.

నిజానికి షేల్ నుంచి వాయువు తీయడం పాత సంగతే. 1821లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రెడోనియాలో విలియం హార్ట్ షేల్‌లోకి బావి తవ్వాడు. ఆ వాయువుతో ఊళ్ళో దీపాలు వెలిగాయి. 1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ బావిలో చమురు పడిన తరువాత పరిశ్రమ ఇసుకరాళ్ళ వెంట పరుగు తీసింది. నెమ్మదిగా, కొద్దికొద్దిగా ఇచ్చే షేల్ వెనకబడింది.

స్కాట్లండ్ కథ వేరు. జేమ్స్ యంగ్ 1851లో బాత్‌గేట్‌లో ఒక రకం బొగ్గును వేడిచేసి నూనె తీయడం ప్రారంభించాడు. తరువాత ఆ ప్రాంతపు షేల్‌నే బట్టీల్లో కాల్చారు. ఆ పరిశ్రమ 1962 దాకా సాగింది. ఈ షేల్‌లోని సేంద్రియ పదార్థానికి 'కెరోజెన్' అని పేరు పెట్టినవాడు ఎడిన్‌బరో రసాయన శాస్త్రవేత్త క్రమ్ బ్రౌన్. విద్యార్థులు ఇక్కడ తరచుగా పొరబడతారు. స్కాట్లండ్ షేల్‌లో ద్రవ చమురు లేదు, పక్వం కాని కెరోజెన్ ఉంది. దాన్ని మనిషి వేడిచేయాలి. ఇప్పుడు మనం నిల్వశిల అంటున్న షేల్‌లో ఆ వంట భూమే లక్షల ఏళ్ళపాటు చేసి పెట్టింది.

ఈ వంటను కొలవడం నేర్పింది భూరసాయన శాస్త్రం. 1934లో జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ పెట్రోలియంలో, షేల్‌లో పత్రహరితానికి సంబంధించిన పోర్ఫిరిన్లను గుర్తించాడు. చమురు జీవపదార్థం నుంచి పుట్టిందనడానికి అది బలమైన సాక్ష్యం. 1970లలో ఫ్రాన్స్‌లో టిస్సో బృందం కెరోజెన్‌ను రకాలుగా విభజించింది. సరస్సు శైవలాలది మొదటి రకం, సముద్ర ప్లవకాలది రెండోది, నేల మొక్కలది మూడోది. హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న మొదటి రెండూ దాదాపు 60 నుంచి 120 డిగ్రీల వేడిలో ప్రధానంగా చమురునిస్తాయి. మూడోది ఎక్కువగా వాయువునిస్తుంది. అదే దశకంలో రాక్-ఎవాల్ యంత్రం వచ్చింది. దానిలో సుమారు 100 మిల్లీగ్రాముల రాతిపొడిని క్రమంగా వేడిచేస్తారు. శిలలో అప్పటికే విడిగా ఉన్న హైడ్రోకార్బన్లు ముందుగా బయటపడి మొదటి శిఖరంగా నమోదవుతాయి. తరువాత కెరోజెన్ విచ్ఛిన్నమై రెండో శిఖరం వస్తుంది. ఆ మొదటి శిఖరాన్ని మూలశిల పనిచేసిందనడానికి గుర్తుగానే చదివాం. శిలలో ఎంత మిగిలి ఉందో చెబుతున్న అంకె మా కళ్ళ ముందే ఉన్నా, దాన్ని నిల్వగా లెక్కించలేదు.

లెక్క మార్చింది టెక్సస్‌లోని బార్నెట్ షేల్. మిచెల్ ఎనర్జీ 1981లో అక్కడ మొదటి బావి తవ్వింది. చిక్కటి జెల్‌ను అధిక పీడనంతో పంపి రాతిని పగలగొట్టేవారు. ఖర్చు పెరిగేది, వాయువు చాలేది కాదు. 1997-98లో జెల్ బదులు దాదాపు నీటినే వాడి చూశారు, దిగుబడి పెరిగింది. ఈ భాగం అందరూ చెబుతారు. అదే కాలంలో ప్రయోగశాలలో జరిగిన పనిని మాత్రం చాలామంది వదిలేస్తారు. శిలలోని వాయువును మళ్ళీ కొలిస్తే, రంధ్రాల్లో విడిగా ఉన్నదీ సేంద్రియ పదార్థం ఉపరితలాన్ని అంటిపెట్టుకున్నదీ కలిపి, పాత అంచనాకంటే చాలా ఎక్కువ తేలింది. మరి అది ఎక్కడ దాగింది? 2009లో లౌక్స్, ఆయన సహచరులు అయాన్ పుంజంతో నునుపు చేసిన నమూనాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపారు. కెరోజెన్ లోపలే నానోమీటర్ల పరిమాణంలో రంధ్రాలున్నాయి. కెరోజెన్ చమురుగా, వాయువుగా మారేటప్పుడు దాని ద్రవ్యరాశి తగ్గి ఖాళీ ఏర్పడుతుంది. పుట్టినచోటే ఇల్లు కూడా తయారైందన్నమాట.

అయితే సేంద్రియ పదార్థం ఉంటే చాలదు. బార్నెట్‌లో సిలికా ఎక్కువ కాబట్టి రాయి పెళుసుగా పగులుతుంది. బంకమన్ను ఎక్కువైతే పగుళ్ళు మళ్ళీ మూసుకుపోతాయి. పోలండ్‌లో 5.3 లక్షల కోట్ల ఘనపు మీటర్ల వాయువు తీయవచ్చని 2011లో అమెరికా సంస్థ అంచనా వేసింది. మరుసటి ఏడాది పోలండ్ భూగర్భ సంస్థ దాన్ని సుమారు పదో వంతుకు దించింది. బావులు తవ్విన పెద్ద కంపెనీలు కొన్నేళ్ళలోనే వెళ్ళిపోయాయి.

మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ రాఘవాపురం షేల్ ప్రసిద్ధమైన మూలశిల. పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఊరి పేరే దానిది. క్రిటేషియస్ కాలపు ఈ షేల్ అక్కడ ఉపరితలంలోనే కనిపిస్తుంది. దానిలో నేల మొక్కల ఆకుల ముద్రలు, సముద్రజీవులైన అమ్మొనైట్ల శిలాజాలు రెండూ దొరుకుతాయి. కాబట్టి దీని కెరోజెన్ ఏ రకమని ఒక్క మాటలో తేల్చలేం. ఏ లోతులో, ఏ చోట నమూనా తీశారో ముందు అడగాలి.