జేగురు పూత క్రింది తెల్లగీత

ఇనుము త్రుప్పు పట్టును, కొయ్య పుచ్చును, బట్ట చివుకును. కాలిన మట్టికుండ మాత్రము పగిలినను దాని పెంకు వేల ఏండ్లు నిలుచును. అందుచేతనే ప్రాచీనుల చరిత్రకు కుండపెంకు నమ్మదగిన సాక్షి.

నల్లగొండ జిల్లాలో కృష్ణ యొడ్డున ఏలేశ్వరమను గ్రామముండెడిది. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. గ్రామము మునుగనున్నందున అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యమున రాష్ట్ర పురావస్తు శాఖ అచట త్రవ్వకములు జరిపెను. రాతి సమాధులలో నలుపు, ఎరుపు కలసిన కుండలు దొరికినవి. ఇట్టి సమాధులు మహబూబ్‌నగర్ మెరక నేలలలోను కలవు. జనులు వీనిని రాకాసి గుళ్ళందురు.

ఒకే కుండకు రెండు రంగులెట్లు వచ్చినవి? మట్టిలోని ఇనుము గాలి తగులుచు కాలినచో ఎఱ్ఱని ఆక్సైడగును. కుండను బోర్లించి కాల్చినచో లోపలికిని, మూతికిని ఆమ్లజని చాలదు. పొగలోని బొగ్గు అంటుకొని ఆ భాగము నల్లబడును. ఆ కుమ్మరులు ఇట్లే కాల్చిరని పలువురు పండితుల అభిప్రాయము.

శాతవాహనుల కాలమునాటికి దక్కనులో మరియొక పద్ధతి వ్యాపించినది. కయోలిన్ అను తెల్లని మట్టితో కుండపై గీతలు గీచి, పైన పలుచని జేగురు పూత పూసి కాల్చెడివారు. కయోలినులో ఇనుము బహు తక్కువ. కావున నిప్పులోనైనను అది ఎఱ్ఱబడదు. పూత క్రిందనుండి గీత తేలి కనిపించును. జపానులోని అరిటాలో 17వ శతాబ్దినుండి పింగాణిపై కోబాల్టుతో నీలిచిత్రములు వ్రాసి, పైన గాజుపూత పూసి కాల్చుచున్నారు. అచట పూత గాజు, ఇచట మన్ను. అచటి వేడిమి చాల హెచ్చు. ఐనను చిత్రమును పూత క్రింద ఉంచు ఉపాయమొక్కటే.

ఈ పెంకు కాలనిర్ణయమునకును తోడ్పడినది. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రోమను సామ్రాజ్యపు పాత్రలతో కలసి కొన్ని నొక్కుగీతల పాత్రలు దొరకగా, వాని కాలమును వీలర్ నిర్ణయించెను. 1947లో కర్ణాటకమందలి బ్రహ్మగిరిలో ఆ నొక్కుగీతల పాత్రలును, జేగురు పూత పాత్రలును ఒకే పొరలలో దొరికినవి. దానితో అంతకు ముందటి రాతి సమాధుల సంస్కృతి ఎప్పటివరకు సాగెనో అంచనా వేయుటకు ఆధారము కుదిరెను.

పెంకు విలువ అది ఉన్న పొరలో కలదు. పొర చెదరినచో సాక్ష్యము పోవును. ఏలేశ్వరము నేడు జలాశయ గర్భమున ఉన్నది. మిగిలిన దిబ్బలనైనను కాపాడుకొనవలెను. పొలములో గీతల పెంకు కనబడినచో విద్యార్థులు దానిని ఏరుకొనిపోక, ఆ చోటును గుర్తించి ఉపాధ్యాయునికి చెప్పవలెను. ఆయన పురావస్తు శాఖకు తెలుపవలెను.