వడ్డాది దాటాక

చోడవరంలో పాడేరు బస్సెక్కితే వడ్డాది, మాడుగుల, గరికబంద. ఆ తరవాత ఘాట్ రోడ్డు. చెరకు వెనకబడి, జీడిమామిడి పలచబడి, అడవి ఎదురొస్తుంది. సాగుకీ అడవికీ మధ్య ఇది కొండే గీసిన గీత అనుకుంటాం గానీ, దీన్ని ఎక్కువగా గీసింది సర్కారు కాగితాలే.

వడ్డాది ఒకనాటి రాజధాని. వడ్డాది మత్స్య వంశపు అర్జునుడు దగ్గర్లోని దిబ్బిడిని బ్రాహ్మణులకు ధారపోశాడని 1269 నాటి రాగిరేకులు చెబుతాయి. అగ్రహారమంటే నాగలి, నీరు, ఏటేటా అదే మడిలో పంట. అంటే కొండ కింద సాగు రాజుల అండన అప్పటికే కుదురుకుంది. పైన మాత్రం పోడే.

పోడుని దగ్గరగా చూడాలి. ఎండలు ముదరకముందే వాలులో పొదలూ కొమ్మలూ నరికి ఆరబెడతారు. చింత, ఇప్ప, కల్లిచ్చే జీలుగు లాంటి చెట్ల జోలికి పోరు. తొలకరికి ముందు నిప్పు పెట్టి, బూడిదలో సామ, చోడి, జొన్న, కంది కలిపి చల్లుతారు. సామ ముందు కోతకొస్తుంది, కంది చలి చివర్లో. ఆకలి నెలలకు సరిపడేలా ఒక్క చెక్కే విడతలుగా తిండి పెడుతుంది. రెండు మూడేళ్లకు నేల అలిసిపోతే వదిలేసి మరో వాలుకు పోతారు. మళ్లీ పొద పెరిగాక తిరిగొస్తారు.

చిక్కంతా ఆ వదిలేసిన నేలతోనే. గిరిజనుడికి అది విశ్రాంతిలో ఉన్న పొలం, అటవీ శాఖకు అడవి. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు హద్దులు పడుతూ పోగా, తిరిగి రావాల్సిన వాలు నేరస్థలమైంది. అంతకుముందు, 1879లో, రంప పితూరీకి కల్లు పన్ను, ముఠాదారులనే కొండ పెత్తందార్ల తగవులు నిప్పు రాజేశాయి. ఆ తరవాతి తరంలో పోడు మీద ఆంక్షలు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో చేయించిన వెట్టి కలిసి మన్యాన్ని రగిల్చాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది.

కింది నుంచి మరో ఒత్తిడీ ఉండేది. ఉప్పూ బట్టా మోసుకెళ్లిన వర్తకుడు అప్పు పద్దుతో భూమి రాయించుకునేవాడు. ఏజెన్సీ భూముల బదలాయింపు మీద 1917 చట్టం, 1959 నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ ఆ దారిని కట్టేయడానికి వచ్చినవే. పూర్తిగా కట్టాయని చెప్పలేను.

వాలు రూపునే మార్చింది మాత్రం కాఫీ. 1960ల్లో అటవీ శాఖ రిజర్వుల్లో వేసింది. తరవాత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు గిరిజన రైతులకు మొక్కలిచ్చాయి. నీడకు సిల్వర్ ఓక్, దాని మీదికి మిరియం పాదు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. కాఫీ వేసిన వాలుకు ఇక నిప్పు పెట్టరు. చెట్లు మిగులుతాయి, సామ పోతుంది. రైతు చేతికి డబ్బొస్తుంది, గింజ మాత్రం కొనుక్కోవాలి. బ్రెజిల్ అమెజాన్‌లో సాగు సరిహద్దు కదలడమంటే ఎక్కువగా అడవి పోయి పశువుల బీళ్లు రావడం. ఇక్కడ చెట్ల నీడలోనే పంట మారిపోయింది.

మైదానమేమీ స్థిరంగా లేదు. అనకాపల్లి బెల్లం పేరు మీద బతికిన నేల ఇది. చెరకు పరిశోధనా కేంద్రం 1913 నుంచీ ఉంది. ఇప్పుడు చెరకు తీసేసి సరుగుడు వేసిన చెక్కలు కనిపిస్తున్నాయి. చెరకు నరకడానికి కూలీలు దొరకరు, సరుగుడుకైతే రోజూ కాపలా అక్కర్లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాక వడ్డాది, మాడుగుల అనకాపల్లిలోకి వచ్చాయి, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. బస్సు మాత్రం పాత దారినే, సరుగుడు తోపుల మధ్య నుంచి సిల్వర్ ఓక్ నీడలోకి ఎక్కుతోంది.