కామాటిపురము - కాలీపీలీ టాక్సీ : ఒక మమకార చరిత్ర

2023వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీతో ముంబయి వీథులలో ప్రీమియర్ పద్మిని టాక్సీ తిరుగుట ఆగిపోయినది. ఈ జాతి బండ్లలో కట్టకడపటిది 2003 అక్టోబరు 29వ తేదీన తాడ్‌దేవ్ రవాణా కార్యాలయమున టాక్సీగా నమోదయ్యెను. నగరమున టాక్సీకి ఇరువది యేండ్ల గడువు విధింపబడి యుండుటచే, ఆ యొక్క బండి గడువు తీరుటతో ఆరు దశాబ్దముల కథ ముగిసెను. అంతకు నెలన్నర ముందు, సెప్టెంబరు 15వ తేదీన, పాత డీజిలు డబుల్ డెక్కరు బస్సులును సెలవు తీసికొనెను. నల్లని దేహము, పసుపుపచ్చని కప్పు గల ఆ చిన్న బండికి నగరమంతయు వీడ్కోలు పలికినది. తాడ్‌దేవ్‌కు చేరువనే యున్న మన కామాటిపుర వీథులలోను పెద్దవారు కొన్నిదినములు ఆ ముచ్చటయే చెప్పుకొనిరి.

పాత రోత, కొత్త వింత యని మన సామెత. ఈ బండి విషయమున ఆ సామెత తలక్రిందులైనది. ఇందు విచారింపదగిన విషయ మొకటి గలదు. మన తెలుగు చాళ్లలో అట్టి బండిని సొంతముగా కొన్నవారు మిక్కిలి అరుదు. తమది కాని బండిపై, అద్దె చెల్లించి యేడాదికి రెండు మూడు పర్యాయములు మాత్రమే యెక్కిన బండిపై, ఇంతటి మమకార మెట్లు కలిగినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసము నుద్దేశము. ఆ సమాధానము బండి చరిత్రలో కొంతయు, దానిలో కూర్చున్న వారి చరిత్రలో అధికముగను గలదని నా యభిప్రాయము.

ముందుగా ఊరి మాట. కామాటి యనగా తెలుగున మట్టిపని, కూలిపని చేయువాడని యర్థము. 18వ శతాబ్ది చివరి దినములనుండియు నిజాము రాజ్యపు తెలుగు ప్రాంతములనుండి కట్టడపు పనులకై బొంబాయికి వలస వచ్చిన శ్రామికులను ఈ నగర మా పేరుతోనే పిలిచినది. ఏడు దీవుల నగరమున నడుమ పల్లపు నేలలలోనికి సముద్రపు నీరు వచ్చుచుండెడిది. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డ్ అను అడ్డుకట్ట పూర్తియైన పిమ్మట ఆ నేలలు క్రమక్రమముగా పూడ్చబడెను. 1793లో బెల్లాసిస్ రోడ్డు వేయబడెను. అట్లు వెలువడిన నేలపై కామాటులు నివాస మేర్పరచుకొన్న పేటయే కామాటిపురము. నగరమునకు రోడ్లు, గోడలు, భవనములు కట్టిన చేతులలో మనవారి చేతులు గణనీయములు. 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు మొదలగు తెలుగు కంట్రాక్టర్లు గలరు. పిమ్మటి తరముల పద్మశాలీలు, ఇతర శ్రామికులు నూలుమిల్లుల పనికి వచ్చి వర్లీ, లోయర్ పరేల్, నాయిగాం చాళ్లలో కాపురము పెట్టిరి.

ఇట్లు రోడ్లు వేసినవారు ఆ రోడ్లపై చాలకాలము కాలినడకనే తిరిగిరి. 1874లో గుఱ్ఱపు ట్రాములును, 1907లో విద్యుత్తు ట్రాములును వచ్చెను. సంపన్నులకు విక్టోరియా గుఱ్ఱపు బండ్లుండెను. 1911లో మోటారు టాక్సీలు ప్రవేశించెను. స్వాతంత్ర్యానంతరము వీథులలో తిరిగిన టాక్సీలలో డాడ్జి, ప్లిమత్ వంటి పెద్ద బండ్లు పెక్కు. వాల్‌చంద్ హీరాచంద్ 1940లలో నెలకొల్పిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ అమెరికాకు చెందిన క్రైస్లర్ సంస్థతో ఒడంబడిక చేసికొని కుర్లా కర్మాగారమున అట్టి బండ్లను కూర్చుచుండెను. పిదప ఇటలీకి చెందిన ఫియట్ సంస్థతో పొత్తు కలిపి, ఫియట్ 1100 బండ్లను చేపట్టెను. వీనిలో మొదటి రూపమునకు, దాని ముట్టె వంటి ముఖమును బట్టి, నగరవాసులు 'డుక్కర్ ఫియట్' అని పేరు పెట్టిరి. మరాఠీలో డుక్కర్ అనగా పంది. పరిహాసమున కూడ ప్రేమ యున్న పేరది.

1964వ సంవత్సర మీ కథలో ముఖ్యమైనది. ఆ యేడు మార్చి 31వ తేదీ రాత్రి బొంబాయి ట్రాము చివరి ప్రయాణము చేసెను. ఆ యేడే ఫియట్ 1100 డిలైట్ అను క్రొత్త నమూనా టాక్సీగా వీథి కెక్కెను. అదియే 1974 నుండి ప్రీమియర్ పద్మిని యయ్యెను. చిత్తూరు రాణి పద్మినిని తలచి ఆ పేరు పెట్టిరని ప్రసిద్ధి. 1089 ఘన సెంటీమీటర్ల ఇంజను, నాలుగు తలుపులు, స్టీరింగు ప్రక్కనే గేరు కర్ర, ముందు భాగమున అడ్డములేని పొడవైన సీటు, కప్పుపై సామానుల కారియరు, ఎడమవైపున బయటికి కనబడు ఇనుప మీటరు : ఇవి దాని లక్షణములు. దూరమునుండి కనబడుటకు కప్పు పసుపుగను, మరకలు కనబడకుండుటకు క్రింది భాగము నలుపుగను ఉండవలెనని స్వాతంత్ర్యయోధుడు వి. బి. గాంధి సూచించెనని యొక కథ ప్రచారమున గలదు. 1990ల దశకమున నగరపు కాలీపీలీ టాక్సీలు అరువదివేలకు పైబడెనని టాక్సీ సంఘములవారి లెక్క. వానిలో అధికభాగ మీ బండ్లే.

ఇక మన చాళ్ల మాట. ముంబయి ద్వీపనగరమున, అనగా దక్షిణమున కొలాబా మొదలు ఉత్తరమున మాహిం, సయాన్ వఱకు, ఆటోరిక్షాలకు అనుమతి లేదు. కావున కామాటిపుర నివాసికి బస్సు కాదన్న సమయమున టాక్సీ యొక్కటే గతి. టాక్సీ యెక్కుట ఖర్చుతో కూడిన పని యగుటచే దాని నెక్కు సమయములు మూడే : పురిటి నొప్పులు, ప్రాణాపాయము, ఊరి ప్రయాణము. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన కోడలిని నాయర్ ఆసుపత్రికిగాని జె. జె. ఆసుపత్రికిగాని చేర్చినది ఈ బండి. సెలవులకు కరీంనగరము, నిజామాబాదు, పాలమూరు, నల్లగొండ ప్రాంతములకు పోవు కుటుంబమును ఇనుప ట్రంకు పెట్టెతో, చుట్టిన పరుపుతో, మంచినీళ్ల కూజాతో బోరీబందరు స్టేషనుకు చేర్చినది ఈ బండి. ముందు సీటున తండ్రి, తండ్రి యొడిలో ఒకడు. వెనుక అవ్వ, అమ్మ, నలుగురు పిల్లలు. బిడ్డ పుట్టుక, పెద్దవారి కడపటి చూపు, పుట్టినూరి దారి : మనిషి బ్రతుకున మఱపురాని ఘట్టములన్నియు ఆ నల్లని తలుపు తెఱచుటతోనే మొదలయ్యెడివి. నిత్యము వాడు వస్తువును మఱచిపోవచ్చును గాని, గండమునందు ఆదుకొన్న వస్తువును మఱచుట కష్టము. ఈ మమకారమునకు మొదటి కారణ మిదియే.

రెండవ కారణము చదువుతో ముడిపడినది. ఆ ఇనుప మీటరు చూపు అంకె అసలు అద్దె కాదు. అద్దెలు పెరిగినపుడెల్ల మీటరును మార్చుట సాధ్యము గాక, డ్రైవరు వద్ద నొక అచ్చుకార్డు ఉండెడిది. మీటరు అంకెకు కార్డులో ఎదురుగా నున్న మొత్తమును చెల్లింపవలెను. వ్రేలిముద్ర వేయు పెద్దలు బడికి పోవు పిల్లవానిచే ఆ కార్డును చదివించెడివారు. ఇంటి పెద్ద కొడుకు మొదటిసారి ఇంటి వ్యవహారమున మాట చెల్లించుకొన్నది పెక్కు ఇండ్లలో ఆ సీటుపైననే. పిమ్మట ఎలెక్ట్రానిక్ మీటర్లు వచ్చి ఆ కార్డును పంపివేసెను.

మూడవది సంతోషకరమైన జ్ఞాపకము కాదు. అయినను చెప్పక తప్పదు. ఆంగ్లేయుల కాలమునుండి ఈ పేటలోని కొన్ని వీథులు వేశ్యావాటికలుగా ప్రసిద్ధి కెక్కుటచే, కష్టజీవుల పేరు పెట్టుకొన్న ఊరికి లోకమున వేఱొక యర్థ మేర్పడినది. టాక్సీ యెక్కిన తెలుగు కుటుంబీకుడు 'కామాటిపుర' అని చెప్పుటకు వెనుకాడి, 'నాగపాడా' అనియో, 'ముంబయి సెంట్రల్' అనియో, 'అలెగ్జాండ్రా సినిమా' అనియో చెప్పి, అచట దిగి ఇంటివఱకు నడచెడివాడు. నా చిన్ననాట మా పెద్దలును ఇట్లే చేయుట నేనెఱుగుదును. ఆనాడు నాకు కారణము తెలియలేదు. నగరమును కట్టినవాడు నగరమున తన చిరునామా చెప్పుటకు సిగ్గుపడవలసి వచ్చుట కంటె దుఃఖకరమైన దేమున్నది? ఆడపిల్లల పెండ్లి సంబంధములకై వచ్చు చుట్టములకును ఇట్లే వేఱు గుర్తులు చెప్పుచుండిరి. పద్మిని టాక్సీ జ్ఞాపకములలో ఈ మౌనమును గలదు. దానిని విడిచి మిగిలినదానిని మాత్రమే తలచుకొన్నచో అది చరిత్ర కాదు.

ఈ బండిని కేవలము పొగడుటయు న్యాయము కాదు. నాలుగు దశాబ్దములు అది రూపు మారకుండుటకు కారణము దాని సౌందర్య మొక్కటియే కాదు. లైసెన్సుల కాలమున దేశమున కార్లు చేయు సంస్థలు రెండు మూడే. కొనువారు ఏండ్ల తరబడి వరుసలో నిలువవలసి యుండెను. పోటీ లేనిచోట మార్పు అవసరము గాలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వెలువడిన పిదప పరిస్థితి మారెను. 2000 ప్రాంతమున పద్మిని ఉత్పత్తి నిలిచిపోయెను. పాత ఇంజనుల పొగ నగరమునకు బాధాకరమై, న్యాయస్థానపు ఆదేశములతో టాక్సీలు సి. యన్. జి. వాయువునకు మారెను. ఆ వాయువు సిలిండరు డిక్కీని ఆక్రమించుటచే ప్రయాణికుల సామానంతయు కప్పుపై కారియరు కెక్కినది. మండుటెండలో ఇంజను వేడి ప్రక్కన, బరువైన స్టీరింగును త్రిప్పుచు పది పండ్రెండు గంటలు కూర్చున్న డ్రైవరులలో పెక్కురు బండి యజమానులు కారు. రోజు కూలి వంటి రాబడిపై బ్రతికినవారు. మనవలెనే ఊరు విడిచి వచ్చినవారు. వారి నడుము నొప్పి మన తీపి జ్ఞాపకములలో కనబడదు.

అయినను మమకారము సత్యమే. ఇది మన యొక్కరి లక్షణము కాదు. అమెరికాలో ఫోర్డు సంస్థ మస్టాంగ్ అను బలిష్ఠమైన కారును 1964 ఏప్రిల్ 17వ తేదీన, అనగా బొంబాయి ట్రాము ఆగిన పదునేడు దినములకు, ప్రకటించెను. నలువది యేండ్ల పిదప, 2005 నమూనాగా, దానికి మరల ఆ తొలినాటి రూపురేఖలనే దిద్ది అమ్మెను. డాడ్జి సంస్థయు 1970 నాటి ఛాలెంజరు కారును 2008లో పాత పోలికతో పునరుద్ధరించి, 2023 డిసెంబరు వఱకు తయారుచేసెను. తండ్రి నడిపిన బండి వంటి దానిని కొడుకు కొనుక్కొనునట్లు చేయుట అచటి వర్తక నీతి. హవానా నగరమున 1950ల అమెరికా కార్లు దిగుమతుల లేమిచే టాక్సీలుగా నిలిచి, నేడు యాత్రికుల కాకర్షణమైనవి. మన పద్మినికి ఈ రెండు భాగ్యములును లేవు. దానిని క్రొత్తగా చేసి అమ్మువారు లేరు. వీథిలో నిలుపుటకు చట్టము లేదు. కనీసము ఒక బండినైన భద్రపరచవలెనని టాక్సీ సంఘమువారును, అభిమానులును కోరిరి. ఆ కోరిక సమంజసమైనది.

కాని బండిని ప్రదర్శనశాలలో నిలిపినంత మాత్రమున అందు కూర్చున్నవారి కథ నిలువదు. ఇదియే ఈ వ్యాసమున నేను ముఖ్యముగ చెప్పదలచిన మాట. బండి పోయిన కాలముననే అది మనలను దింపిన గుమ్మములును పోవుచున్నవి. 1920లలో బొంబాయి అభివృద్ధి శాఖ కట్టిన బి. డి. డి. చాళ్లు పడగొట్టబడుచున్నవి, వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబములకు 2025 ఆగస్టులో క్రొత్త ఇండ్ల తాళము లందెను. కామాటిపుర పునర్నిర్మాణ భారము మ్హాడా సంస్థ కప్పగింపబడినది. కారుచున్న కప్పుల క్రింద, ఉమ్మడి మరుగుదొడ్ల ముంగిట బ్రతుకు వెళ్లబుచ్చినవారికి మంచి యిల్లు దక్కుట న్యాయము; దానిని కాదనువాడు ఆ చాళ్లలో కాపురము చేయని వాడే. అయితే ఎత్తైన భవనములు లేచిన పిదప ఆ చోటికి ఏ పేరు మిగులును? కామాటి యనగా ఎవడో చెప్పువా రుందురా?

టాక్సీని తలచి కంట తడిపెట్టు మన పెద్దలను కూర్చుండబెట్టి, ఎచట ఎక్కితిరి, ఎందులకు వెళ్లితిరి, ఎచట దిగితిరి, ఎందుకు అచటనే దిగితిరి యని అడిగి వ్రాసికొనుట మన సంఘములవారు చేయదగిన పని. పాత కిరాయి రశీదులు, రైలు టిక్కెట్లు, మిల్లు గుర్తింపు చీట్లు, స్టేషనులో తీయించుకొన్న ఛాయాచిత్రములు పెట్టెల అడుగున నుండగనే వెలికి తీయవలెను. ఇల్లు మారునాడు ముందుగా పారవేయబడునవి అవియే. ఆ మీటరు కార్డును చదివిన పిల్లవారికే నేడు అరువదేండ్లు దాటినవి. ఆ పనికి మిగిలిన వ్యవధి యెంతో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

నగరపు రోడ్లు వేసినవారి సంతతి ఆ రోడ్లపై తిరిగిన బండిని ప్రేమించుట సహజము. ఆ ప్రేమ, తన చిరునామాను తలయెత్తి చెప్పుకొను ధైర్యముగ మారినచో, పద్మిని మనకు చేసిన కడపటి మేలు అదియే యగును.