దిబ్బలు చెప్పు చరిత్ర: ఒక సైకిలు యాత్ర



చరిత్ర యనగానే మనలో పెక్కురకు ఢిల్లీ కోటలు, హంపి శిథిలములు, అజంతా గుహలు తలపునకు వచ్చును. అది రైలెక్కి దూరదేశమునకు పోయి చూడదగిన వస్తువని మన అభిప్రాయము. మన పశువులు మేయు దిబ్బలో రెండువేల యేండ్లనాటి ఇటుకలున్నవనియు, మన చెరువు రేవున గుడ్డలుతుకు బండకు అడుగువైపున శాసనము ఉండవచ్చుననియు ఎవరైన చెప్పినచో నవ్వి యూరకుందుము. నేను కొన్ని యేండ్లుగా సెలవు దినములలో సైకిలుపై కృష్ణకు దక్షిణమున నున్న పల్లెలు తిరుగుచున్నాను. ఆ తిరుగుటవలన నాకొక సంగతి తెలిసినది. ఒక ఊరి చరిత్ర నిలుచుటయు నశించుటయు పండితుల చేతిలో కంటె ఆ యూరి పెద్దల చేతిలోనే యెక్కువగ నున్నవి. భట్టిప్రోలు, చేబ్రోలు అను రెండూళ్ల కథలవలన ఈ మాటను మీకు విశదపరచెదను.

ముందుగ సైకిలు సంగతి. కారు డొంకలలోనికి రాదు. బస్సు కోరినచోట ఆగదు. కాలినడకన దినమునకు రెండూళ్లు చూచుట కష్టము. సైకిలు కాలువగట్టుమీదను పోవును, చేలగట్లవెంటను పోవును. గండి పడినచోట భుజమున వేసికొని దాటవచ్చును. అదిగాక సైకిలు దిగి మంచినీళ్లడిగినవానిని చూచి పల్లెవారు జంకరు. పన్ను వేయవచ్చిన యుద్యోగి యనిగాని, భూములు బేరమాడవచ్చిన షాహుకారనిగాని అనుమానింపరు. రచ్చబండకు సైకిలు చేరవేసి కూర్చుండినచో అర్ధగంటలో ఊరి దిబ్బల పేర్లు, గుంటల పేర్లు అన్నియు చెవిని బడును.

డెల్టా చదునైన నేల. అక్కడ పంటచేల నడుమ మిట్ట కనబడినచో అది సాధారణముగ ప్రకృతి కల్పించినది కాదు. ఎన్నడో మనుష్యులు కట్టినదో, నివసించి విడిచినదో అయి యుండును. సైకిలు త్రొక్కువానికి ఈ మిట్టపల్లములు కన్నులకంటె ముందు కాళ్లకు తెలియును.

ఊరూర తిరిగి పెద్దలను అడుగు ఈ పద్ధతి నేను కనిపెట్టినది కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ యను సర్వే అధికారి రెండు శతాబ్దములకు పూర్వమే దీనిని ఆచరించెను. ఆయనకు కుడిభుజమై యుండినవాడు కావలి వేంకట బొర్రయ్య. బొర్రయ్య 1803లో మరణింపగా తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. వీరి మనుష్యులు గ్రామములకు పోయి కరణములను, వృద్ధులను అడిగి వ్రాయించి తెచ్చినవే కైఫీయతులు. మన దేశ చరిత్రకు ఆధారములైన గ్రంథములలో ఇవి ముఖ్యమైనవి. వీనికి మూలము పల్లె పెద్దల నోటిమాట.

మెకంజీ 1797లో అమరావతికి వచ్చుటకు కారణము గూడ ఒక దిబ్బయే. రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో నూతన పట్టణము కట్టించుచుండెను. కట్టడములకు కావలసిన ఇటుకలకై, రాళ్లకై దీపాలదిన్నె యను మిట్టను త్రవ్వగా అందుండి శిల్పములు చెక్కిన తెల్లరాళ్లు బయల్పడినవి. మెకంజీ 1816లో మరల వచ్చి, మిగిలినవానికి బొమ్మలు వ్రాయించెను. ఆ రాళ్లలో కొన్ని మద్రాసు చేరినవి. కొన్ని సముద్రము దాటి లండను పోయినవి. కొన్ని గోడలలో కలిసిపోయినవి. ఇందు ద్వేషమేమియు లేదు. త్రవ్వినవారికి అది మిట్ట, అందున్నది రాయి. అంతకు మించి తెలియదు.

ఇక భట్టిప్రోలు. ఇది తెనాలినుండి రేపల్లె పోవు రైలుదారిమీద, తెనాలికి సుమారు 15 మైళ్ల దూరమున, నేటి బాపట్ల జిల్లాలో నున్నది. నేను ఉదయమున తెనాలిలో బయలుదేరి వేమూరు మీదుగ పోయితిని. ఊరు చేరి స్తూపమేదని యడిగితే కొందరికి తోచలేదు. దిబ్బ యనగనే అందరును ఒకే దిక్కునకు చేయి చూపిరి. ఊరివారు దానిని పిలుచు పేరు సభలో పలుకదగినది కాదు. వేశ్యను సూచించు మోటుమాట. నేను ఆ పేరు చెప్పుటకు తడబడుట చూచి ఒక ముదుసలి నవ్వి, “మేము పెట్టిన పేరు కాదు బాబూ, తాతలనాటినుంచీ వస్తున్నది” అనెను. వింత యేమనగా, ఘంటసాలలోను గుడివాడలోను బౌద్ధస్తూపములు బయల్పడిన దిబ్బలకును ఇదే పేరు కలదు. ఆ పేరు వినబడినచోట సైకిలు దిగి నిలువవలెను.

భట్టిప్రోలు స్తూపము పునాది అడ్డుకొలత 148 అడుగులు. దానిపై నిలిచిన అండము కొలత 132 అడుగులు. ప్రసిద్ధమైన సాంచీ మహాస్తూపము కొలత 120 అడుగులే. ఇటుకలు సుమారు 18 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు గలవి. మనము నేడు వాడు ఇటుకకు పొడవున రెండింతలు. నేడు అక్కడ మిగిలినది గుండ్రని ఇటుక పీఠము మాత్రమే; అది కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. పైభాగమేమైనదని అడుగుదురా? 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై, డెల్టాలో కాలువలును రోడ్లును వేయుచున్న కాలము వచ్చినది. ఆ పనులకు ఇటుక కావలెను, రాయి కావలెను. దిబ్బ సిద్ధముగ నున్నది. ఇటుకలు రోడ్డు క్రింద పరచిరి. చలువరాళ్లను తూము కట్టుటకు కొనిపోయిరి. మన పొలములకు అన్నము పెట్టిన కాలువలను నేను నిందింపను. కాని ఆనాడు ఆ ఇటుకలను లెక్కించినవారే గాని, వానిని పేర్చినవారెవరని అడిగినవారు లేకపోయిరి.

పేర్చినవారెవరో 1892లో తెలిసినది. ఆ సంవత్సరమున అలెగ్జాండర్ రీ అను పురావస్తు అధికారి మిగిలిన భాగమును త్రవ్వించెను. నడిబొడ్డున మూడు రాతి బరిణెలు దొరకినవి. లోపల స్ఫటికపు బరిణెలు, బంగారు పూవులు, ముత్యములు, ఎముక రూపమున ధాతువు ఉండెను. ఆ ధాతువు తరువాతి కాలమున కలకత్తా చేరి, అక్కడి ధర్మరాజిక విహారమున 1920లో ప్రతిష్ఠింపబడెను. బరిణెల రాళ్లపై అక్షరములుండెను. జర్మను పండితుడు బ్యూలర్ వానిని చదివెను. కొన్ని అక్షరములు అశోకుని బ్రాహ్మీలిపికి భిన్నముగ నుండుటచే లిపి చరిత్రలో భట్టిప్రోలు పేరు శాశ్వతమైనది. భాష ప్రాకృతము, కాలము క్రీస్తునకు రెండు మూడు శతాబ్దములు పూర్వము.

ఆ వ్రాతలలో ఏమున్నది? కుబీరకుడను రాజు పేరున్నది. అయినను ఎక్కువ చోటు ఆక్రమించినవి ఊరివారి పేర్లు. కురుడను నతడు, అతని తల్లి, అతని తండ్రి కలిసి బరిణె చేయించినట్లు ఒకచోట నున్నది. గోష్ఠివారి పేర్లు, నిగమసభవారి పేర్లు వరుసగ చెక్కియున్నవి. గోష్ఠి యనగా ధర్మకార్యమునకై చేరిన సంఘము; నిగమమనగా పట్టణ పెద్దల సభ. అనగా ఇరువదిరెండు ఇరువదిమూడు శతాబ్దములకు పూర్వము ఆ యూరి పెద్దలు సభచేసి, చందా వేసికొని, కట్టడము కట్టి, తమ పేర్లను దాని కడుపులో దాచిపోయిరి. ఆ పెద్దల సభ కట్టినదానిని కాపాడుటకు మరియొక పెద్దల సభ లేకపోవుటయే భట్టిప్రోలు కథలోని దుఃఖము.

రెండవ కథ చేబ్రోలుది. ఇది గుంటూరునుండి పొన్నూరు పోవు మార్గమున పది మైళ్ల లోపున నున్నది. భట్టిప్రోలునుండి సైకిలుపై ఒకపూట ప్రయాణము. ఇచట కోనేటి నడుమ చతుర్ముఖబ్రహ్మకు గుడి కలదు. లింగమునకు నాలుగు దిక్కుల బ్రహ్మముఖములు చెక్కియుండుట ఇచటి విశేషము. ఈ గుడి కట్టించినవాడు ముందు చెప్పిన వేంకటాద్రినాయుడే! ఒక్క మనుష్యుని కాలముననే అమరావతి దిబ్బ చెదరినది, చేబ్రోలు కోనేటిలో బ్రహ్మ వెలసినాడు. కాకతి గణపతిదేవుని సేనానియు, నృత్తరత్నావళి కర్తయు నగు జాయప 13వ శతాబ్దమున వెలనాటిని ఈ యూరినుండియే పాలించెను.

చేబ్రోలులో భీమేశ్వరాలయమును బాగుచేయుచుండగా వ్రాతగల స్తంభమొకటి కంటబడినది. గ్రామస్థులు ఆ సంగతిని పురావస్తుశాఖవారికి తెలిపిరి. ఆ శాఖ శాసన విభాగమువారు నకలు తీసి చదివి, 2019 డిసెంబరు మాసమున లోకమునకు వెల్లడించిరి. శాతవాహనరాజగు విజయుని నాలుగవ పాలనసంవత్సరమున, అనగా క్రీ.శ. 207లో, కార్తికుడను నతడు తాంబ్రాపె యను ఈ యూరిలో సప్తమాతృకల గుడికి ప్రాసాదమును మండపమును కట్టించినట్లు అందున్నది. దక్షిణ భారతమున అంతవరకు తెలిసిన సంస్కృత శాసనములలో ఇదియే ప్రాచీనమని వారు నిర్ణయించిరి. ఆ స్తంభమును పగులగొట్టి పునాదిలో వేసి యుండినచో అడుగువా డెవడును లేడు. గ్రామస్థులు చెప్పిరి గనుక నిలిచినది.

నేటి యపాయము నాటి రోడ్డుపనికంటె తక్కువది కాదు. యంత్రములు ఒక్క పూటలో దిబ్బను చదునుచేసి ఇండ్ల స్థలములకు మట్టి తోలుచున్నవి. భక్తితో చేయు జీర్ణోద్ధరణములలోనే శాసనములపై రంగులు పూయుచున్నారు. పాతరాళ్లు తీసి నున్నని పలకలు పరచుచున్నారు. కావున మీ యూరిలో మూడు గుర్తులను కనిపెట్టి యుండుడు. మొదటిది, మామూలు ఇటుకకు రెండింతలు పొడవుగల ఇటుక. రెండవది, కొండలులేని చోట తెల్లని పలనాటి రాతి ముక్క. జనులు పాలరాయి యందురు గాని అది సున్నపురాయి. మూడవది, వ్రాతగల రాయి యేదైనను. వ్రాతను ఇనుపముక్కతో గీకి చదువ యత్నింపకుడు, సున్నము పూయకుడు. శాసనపరిశోధకులు తడికాగితమును పరచి, కుంచెతో అదిమి, మసి అద్ది నకలు తీయుదురు. అది వారికి విడుచుట మేలు. మీరు చేయవలసినది తహశీల్దారునకో, పురావస్తుశాఖవారికో ఒక ఉత్తరము వ్రాయుట.

తెలిపినచో అంతయు సర్కారు తీసికొనునను భయము పల్లెలలో మెండు. నిక్షేపములను గూర్చి 1878లో చేసిన చట్టమొకటి కలదు. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము నేలలో దొరకినచో కలెక్టరునకు వ్రాసి తెలుపవలెను. పూర్వపు హక్కుదారు లేడని తేలి, నేల యజమాని పాలు కోరినచో, వేరు ఒప్పందము లేనప్పుడు నాలుగింట మూడుపాళ్లు దొరికించుకొన్నవానికి, ఒక పాలు నేల యజమానికి చెందును. సర్కారు ఉంచుకొనదలచినచో వస్తువులోని పదార్థముల విలువకు ఐదవ వంతు చేర్చి చెల్లించును. దాచినవానికి మాత్రము శిక్ష కలదు. ఈ సంగతి తెలియక, బంగారు నాణెములను కరగించి చరిత్రను పోగొట్టుకొన్న ఊళ్లు ఎన్నియో!

చివరకొక మనవి. మీ యూరి దిబ్బల పేర్లు, గుంటల పేర్లు, పాడుపడిన గుడుల పేర్లు, వానిని గూర్చి మీ తాతలు చెప్పిన మాటలు ఒక నోటుపుస్తకములో వ్రాయించి పంచాయతీ కార్యాలయమున నుంచుడు. ఏ దిబ్బ ఏ డొంకకు ఏ దిక్కున నున్నదో గూడ చేర్చుడు. పేరు మోటుగ నున్నను దిద్దకుడు. విన్నది విన్నట్లే వ్రాయించుడు. నేడు చదునైపోవు దిబ్బకు రేపు ఆ పేరొక్కటియే గుర్తుగ మిగులవచ్చును. ఆ పేర్లు తెలిసినవారు ప్రతి యూరిలోను నలుగురైదుగురికంటె లేరు, వారిలో మీరొకరు.