టీవీలో వీడియో ఆగిపోతోందా? కస్టమర్ కేర్ నంబర్ వెతికే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి

పెద్దవాళ్లకు సీరియల్, పిల్లలకు కార్టూన్, కుర్రాళ్లకు క్రికెట్, రంజాన్‌లో మక్కా నుంచి తరావీహ్ లైవ్. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇవన్నీ ఒకే ఇంటర్నెట్ లైన్ మీద నడుస్తున్నాయి. ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోయి తెర మధ్యలో సున్నా గిర్రున తిరగడం మొదలైతే, చాలామంది వెంటనే గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతుకుతారు. డబ్బు పోయేది సరిగ్గా అక్కడే. నిజానికి ఇలాంటి ఇబ్బందులు చాలావరకు ఎవరికీ ఫోన్ చేయకుండానే తీరిపోతాయి. ఒక వరుసలో చూసుకుంటూ వెళ్తే చాలు.

తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి

సమస్య నాలుగు చోట్ల ఉండొచ్చు: వీడియో ఇచ్చే కంపెనీ దగ్గర, ఇంటికి వచ్చే నెట్ లైన్‌లో, ఇంట్లోని వైఫై లేదా టీవీలో, లేకపోతే అకౌంట్‌లో. ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండు చిన్న పరీక్షలు సరిపోతాయి.

మొదటిది: అదే టీవీలో వేరే యాప్ తెరిచి చూడాలి. నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయి యూట్యూబ్ బాగా ఆడుతుంటే నెట్ లైన్ బాగానే ఉన్నట్టు. తప్పు ఆ యాప్‌లోనో, అకౌంట్‌లోనో, ఆ కంపెనీ సర్వర్‌లోనో ఉంది. రెండూ ఆగిపోతే నెట్ వైపు చూడాలి.

రెండవది: ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద అదే యాప్ తెరవాలి. ఫోన్‌లో ఆడితే ఇంటి నెట్‌దో టీవీదో తప్పు. ఫోన్‌లో కూడా ఆడకపోతే కంపెనీ దగ్గరే గడబిడ ఉండొచ్చు, లేదా అకౌంట్ ఆగిపోయి ఉండొచ్చు. పెద్ద మ్యాచ్ రోజున ఒకేసారి కోట్లమంది చూస్తుంటే సర్వర్ల మీద భారం పడుతుంది. అప్పుడు కాసేపు ఆగడం తప్ప ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు.

రూటర్ మీద లైట్లు ఏం చెబుతాయి

ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో గోడ దగ్గర ఉండే చిన్న డబ్బా మీద ‘పాన్’, ‘లాస్’ అని రెండు లైట్లు ఉంటాయి. పాన్ లైటు నిలకడగా వెలుగుతుంటే లైన్ వస్తున్నట్టు. లాస్ లైటు ఎర్రగా వెలిగితే ఇంటికి వెలుతురు సిగ్నలే రావడం లేదని అర్థం. వీధిలో కేబుల్ తెగి ఉండొచ్చు, లేదా ఊడ్చేటప్పుడు సన్నని పసుపు రంగు వైరు వంగిపోయి ఉండొచ్చు. దీన్ని ఇంట్లో బాగుచేయలేం. కనెక్షన్ ఇచ్చిన కేబుల్ ఆపరేటర్‌కే చెప్పాలి. చెప్పినప్పుడు ఫిర్యాదు నంబర్ తీసుకుని రాసిపెట్టుకోవాలి. రెండు మూడు రోజులైనా ఎవరూ రాకపోతే ఆ నంబర్‌తోనే పై అధికారికి అప్పీలు చేయడానికి వీలుంటుంది.

లైట్లు సరిగ్గానే ఉంటే రూటర్‌ను ప్లగ్ నుంచి తీసి, అర నిమిషం ఆగి పెట్టాలి. పూర్తిగా ఆన్ కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపల మళ్లీ మళ్లీ స్విచ్ నొక్కకూడదు. వెనక ఉండే చిన్న ‘రీసెట్’ రంధ్రంలో పిన్ను పెట్టి నొక్కడం వేరే సంగతి. దానివల్ల ఆపరేటర్ పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోయి, మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు. పిల్లలకు ఈ తేడా చెప్పి ఉంచడం మంచిది.

ఎంత స్పీడు ఉంటే సరిపోతుంది

టీవీకి పెద్ద ప్లాన్ కావాలని చాలామంది అనుకుంటారు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం మామూలు హెచ్‌డీకి 3 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5, 4కె బొమ్మకు 15 ఉంటే చాలు. అంటే 40 ఎంబీపీఎస్ ప్లాన్ మీద ఒక టీవీ ఆగిపోతుంటే, ప్లాన్ చిన్నదని కాదు. ఆ స్పీడు టీవీ దాకా చేరడం లేదు, లేదా ఇంకెవరో వాడేస్తున్నారు.

స్పీడు కొలవడానికి ఫోన్ బ్రౌజర్‌లో ఫాస్ట్ డాట్ కామ్ అని కొడితే చాలు, యాప్ అక్కర్లేదు. రూటర్ పక్కన ఒకసారి, టీవీ పక్కన ఒకసారి కొలవాలి. రూటర్ దగ్గర 40 వచ్చి, టీవీ దగ్గర 3 వస్తే తప్పు వైఫైది. రెండు చోట్లా తక్కువే వస్తే, ముందు ఇంట్లో మిగతా ఫోన్లను వైఫై నుంచి తీసి మళ్లీ కొలవాలి. అప్పుడూ తక్కువే ఉంటే ఆపరేటర్‌ను అడగాలి. ఇఫ్తార్ తర్వాత, సెలవు రోజు రాత్రి బస్తీ అంతా ఒకేసారి చూస్తారు కాబట్టి ఆ వేళల్లో కొలిచిన లెక్కే అసలు లెక్క.

వైఫై రెండు రకాలుగా వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది కానీ స్పీడు తక్కువ, పక్కింటి రూటర్లతోనూ మైక్రోవేవ్‌తోనూ గొడవ పడుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు అడ్డొస్తే నీరసించిపోతుంది. టీవీ, రూటర్ ఒకే గదిలో ఉంటే 5 మంచిది. మధ్యలో రెండు గోడలుంటే 2.4 నిలకడగా ఉంటుంది. రాతి గోడలున్న పాత ఇళ్లలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. రూటర్‌ను ఇనుప బీరువా మీద, టీవీ వెనక, అల్మారా లోపల పెట్టకూడదు. నడి ఇంట్లో, కాస్త ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉండాలి. వీలైతే రూటర్ నుంచి టీవీకి లాన్ కేబుల్ వేయడం అన్నిటికన్నా మేలు.

హాట్‌స్పాట్ మీద చూసేవాళ్లకు

చాలా ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఉండదు. ఫోన్ హాట్‌స్పాట్ మీదే టీవీ నడుస్తుంది. అప్పుడు సగంలో ఆగిపోవడానికి సాధారణంగా ఒకటే కారణం: ఆ రోజు డేటా అయిపోవడం. నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా లాగుతుంది. రోజుకు 1.5 జీబీ ప్లాన్ అయితే అరగంటలోనే ఖాళీ. ఆ తర్వాత చాలా ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది కానీ వీడియో ఆడదు. నెట్ ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి టీవీ పాడైందని అనుకుంటారు.

అకౌంట్ సెట్టింగుల్లో డేటా వాడకాన్ని ‘మీడియం’ చేస్తే గంటకు సుమారు 0.7 జీబీ, ‘లో’ చేస్తే 0.3 జీబీ సరిపోతుంది. అదే 1.5 జీబీతో రెండు గంటల సినిమా మీడియంలో పూర్తవుతుంది.

టీవీ, ఫైర్ స్టిక్ చేసే అల్లరి

రిమోట్‌తో ఆపితే టీవీ పూర్తిగా ఆగదు, నిద్రపోతుంది అంతే. ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి పెడితేనే లోపలి మెమరీ ఖాళీ అవుతుంది. అయినా యాప్ తెరుచుకోకపోతే సెట్టింగులు, యాప్స్‌లోకి వెళ్లి ‘క్లియర్ క్యాష్’ నొక్కాలి, తర్వాత యాప్ అప్‌డేట్ చేయాలి. తక్కువ ధర టీవీల్లో స్టోరేజీ చాలా చిన్నది. వాడని గేములు, యాప్‌లు తీసేస్తే మిగతావి తేలిగ్గా నడుస్తాయి.

కొన్ని గుర్తులు చూసి కారణం చెప్పొచ్చు:

- అన్ని యాప్‌లూ ఒకేసారి ‘కనెక్ట్ కావడం లేదు’ అంటే టీవీలో తేదీ, టైము తప్పుగా ఉన్నాయేమో చూడాలి. తేదీ తప్పితే సురక్షిత కనెక్షన్ కుదరదు.
- నెట్‌ఫ్లిక్స్‌లో ఎన్‌డబ్ల్యూ-2-5 అని వస్తే నెట్‌వర్క్ సమస్య. యూఐ-800-3 అని వస్తే టీవీలో దాచిన పాత సమాచారం చెరపాలి.
- ఫైర్ స్టిక్ తనంతట తానే ఆగి ఆన్ అవుతుంటే దానికి కరెంటు చాలడం లేదు. టీవీ యూఎస్‌బీ నుంచి తీసి, దానితో వచ్చిన అడాప్టర్‌కు పెట్టాలి.
- ఫోన్ స్క్రీన్ టీవీ మీద వేసినప్పుడు మాటలు వినిపించి బొమ్మ నల్లగా ఉంటే, అది కాపీ జరగకుండా కంపెనీ పెట్టిన తాళం. టీవీలోని యాప్‌లోనే చూడాలి.
- పాటలు గట్టిగా, మాటలు సన్నగా వినిపిస్తే ఆడియోలో 5.1 బదులు స్టీరియో ఎంచుకోవాలి. తెలుగు, హిందీ భాషల మార్పు కూడా అక్కడే ఉంటుంది.

నెట్ బాగుంది, టీవీ బాగుంది, అయినా రావడం లేదంటే

ఇక మిగిలింది అకౌంట్. మొదట ప్లాన్ ఏదో చూడాలి. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబర్‌లో ఇండియాలో రేట్లు తగ్గించినప్పుడు మొబైల్ ప్లాన్‌ను నెలకు 149 రూపాయలు చేసింది. అది ఫోన్, ట్యాబ్‌లకే, టీవీలో రాదు. రీచార్జ్‌తో ఉచితంగా వచ్చే ఓటీటీలు కూడా చాలాసార్లు ఇలా ఫోన్‌కే పరిమితం. ‘ఎక్కువమంది చూస్తున్నారు’ అని వస్తే స్క్రీన్ల లెక్క దాటినట్టు.

దుబాయ్‌లోనో జిద్దాలోనో ఉన్న కొడుకు అకౌంట్‌తో ఇక్కడ అమ్మీ, అబ్బా చూసే ఇళ్లు చాలా ఉన్నాయి. 2023 జులై నుంచి నెట్‌ఫ్లిక్స్ ఇండియాలోనూ ఒక అకౌంట్ ఒక ఇంటివాళ్లకే అని పట్టుబడుతోంది. ధ్రువీకరణ కోడ్ అకౌంట్ తీసుకున్నవాళ్ల ఫోన్‌కో మెయిల్‌కో వెళ్తుంది, కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. ప్రతిసారీ అక్కడివాళ్లను నిద్ర లేపడం కన్నా ఇక్కడే చిన్న ప్లాన్ తీసుకోవడం తేలిక. అక్కడ కనిపించే సినిమా ఇక్కడ కనిపించకపోతే అది లోపం కాదు. ఏ దేశానికి హక్కులుంటే ఆ దేశంలోనే చూపిస్తారు.

ఒక సీరియల్ పెద్దవాళ్లకు మాత్రమే కనిపించకపోతే, పిల్లల ప్రొఫైల్ తెరిచి ఉందేమో చూడాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు వయసు గుర్తులు వేయాలి, యూ/ఏ 13 ప్లస్ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసే వీలు ఇవ్వాలి. పిల్లలకు వేరే ప్రొఫైల్, పెద్దవాళ్ల ప్రొఫైల్‌కు పిన్ పెట్టడం రెండు నిమిషాల పని.

డబ్బు కట్టే దగ్గర ఇంకో విషయం. బ్యాంక్ కార్డు మారితే పాత ఆటోపే ఆగిపోతుంది, కొత్తగా అనుమతి ఇవ్వాలి. ఆటోపేలో డబ్బు తీసే 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం. ఆ మెసేజ్ చదివే అలవాటు ఉంటే అక్కర్లేని సబ్‌స్క్రిప్షన్ అప్పుడే ఆపేయొచ్చు. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. అకౌంట్‌లోనో, యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితాలోనో రద్దు చేయాలి.

నకిలీ కస్టమర్ కేర్‌తో జాగ్రత్త

ఇన్ని చూసినా కుదరకపోతే సహాయం అడగాల్సిందే. కానీ గూగుల్‌లో, ఫేస్‌బుక్ కామెంట్లలో కనిపించే నంబర్‌కు మాత్రం చేయకూడదు. మోసగాళ్లు పెద్ద కంపెనీల పేరు మీద సొంత నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. యాప్ లోపల ఉండే ‘హెల్ప్’ నుంచే చాట్ లేదా కాల్ చేయాలి. నెట్ కోసమైతే బిల్లు మీద ఉన్న నంబర్ వాడాలి.

నకిలీవాళ్లు అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి వేసుకోమంటారు. వాట్సాప్‌లో స్క్రీన్ షేర్ చేయమంటారు. ఏపీకే ఫైలు పంపుతారు. ‘10 రూపాయలు కడితే రీఫండ్ వస్తుంది’ అంటారు. వీటిలో ఏ ఒక్కటి వినిపించినా ఫోన్ పెట్టేయాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు వెళ్తున్నట్టే. ఓటీపీ సంగతీ అంతే. పగలు ఇంట్లో ఒంటరిగా ఉండే నానీ, దాదీలకు ఈ రెండు మాటలు ముందే చెప్పి ఉంచాలి.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకూడదు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఇంకో ఖాతాకు జారిపోకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. మోసం కాకుండా, అసలు కంపెనీయే తప్పుగా డబ్బు తీసుకుని తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు.

ఆపరేటర్ నంబర్, నెట్ అకౌంట్ ఐడీ, 1930. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి రూటర్ పక్క గోడకు అంటించి ఉంచితే, నెట్ పోయిన రాత్రి ఎవరూ గూగుల్‌లో వెతకాల్సిన పని ఉండదు.