ఏటేటా అదే సినిమా, అదే ఇంగ్లిషు

తెలుగునాట పండగ సినిమా అంటే సంక్రాంతికి విడుదలయ్యే కొత్త బొమ్మ. అమెరికాలోనూ ఐరోపాలోనూ డిసెంబరులో ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టేది ఎక్కువగా పాత బొమ్మే. ముప్పయ్యేళ్ల నాటిదో, డెబ్భయ్యేళ్ల నాటిదో ఒక క్రిస్మస్ సినిమాను ఏటా అదే వారంలో వేస్తారు, జనం విసుగు లేకుండా మళ్లీ చూస్తారు. ఇంగ్లిషును పరాయిభాషగా నేర్చుకునేవాళ్లకు ఈ సినిమాలు అచ్చివచ్చింది అందుకే. కథ ముందే తెలుసు గనుక చెవి మాటల మీద నిలుస్తుంది. పోయినేడు జారిపోయిన పలుకుబడి ఈ ఏడు చిక్కుతుంది. అయితే ఇవి పాఠాలుగా మారడం వెనక ఏ విద్యావేత్త పథకమూ లేదు. చాలావరకు పొరపాట్ల వల్లా, వేరే పనికోసం పుట్టిన సౌకర్యాల వల్లా అలా జరిగింది.

ఈ సినిమాల వంశానికి మూలపురుషుడు చార్లెస్ డికెన్స్. 1843 డిసెంబరు 19న లండన్‌లో వెలువడిన ఆయన 'ఎ క్రిస్మస్ కేరల్' తొలి ముద్రణ 6,000 ప్రతులు క్రిస్మస్ ముందురోజుకే చెల్లిపోయాయి. 1901లో బ్రిటన్‌లో ఆర్.డబ్ల్యు. పాల్ ఈ కథను కొద్ది నిమిషాల మూకీ చిత్రంగా నిర్మించాడు. దృశ్యాల మధ్య తెరమీద అక్షరాలు చూపిన తొలి చిత్రాల్లో అదొకటి. మాటలొచ్చాక 1938లో హాలీవుడ్‌లోనూ 1951లో బ్రిటన్‌లోనూ మళ్లీ తీశారు. 1992లో తోలుబొమ్మల్లాంటి మప్పెట్లతో కూడా తీశారు. దాంతో డికెన్స్‌ను ఒక్క పేజీ చదవనివాళ్లకూ స్క్రూజ్ అంటే పిసినారి అని, పండగను ఈసడించుకునేవాడి నోట వచ్చే మాట హంబగ్ అని తెలిసిపోయింది. తెలుగువాళ్లు 1957 నాటి 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు పుట్టించిన అసమదీయులను, తసమదీయులను, వీరతాళ్లను ఇప్పటికీ మాటల్లో వాడుతున్నట్టే ఇది. అదే 1957లో అమెరికాలో డాక్టర్ స్యూస్ 'గ్రించ్' కథ అచ్చయింది, 1966లో టీవీ కార్టూన్ అయింది. పండగ సరదా చెడగొట్టేవాణ్ణి గ్రించ్ అనడం ఇప్పుడు నిఘంటువులకెక్కిన వాడుక. ఆ రచయితే 1957లోనే చదువు మొదలుపెట్టే పిల్లల కోసం కేవలం 236 మాటలతో 'ది క్యాట్ ఇన్ ది హ్యాట్' రాశాడు. పట్టుబట్టి మాటలు నేర్పడానికి రాసిన పుస్తకం అది. గ్రించ్ మాత్రం పాఠం చెప్పకుండానే భాషలో చేరిపోయింది.

ఏటా ఒకే సినిమా చూసే అలవాటు బలపడటంలో 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' పాత్ర పెద్దది. ఫిలిప్ వాన్ డోరెన్ స్టెర్న్ అనే రచయిత 1943లో ఒక చిన్న కథను 200 ప్రతులు అచ్చువేయించి, క్రిస్మస్ కార్డులుగా స్నేహితులకు పంపాడు. దాని ఆధారంగా ఫ్రాంక్ కాప్రా 1946లో సినిమా తీశాడు. అయిదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి గానీ డబ్బు రాలేదు. సినిమా మరుగున పడింది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం 28 ఏళ్లకు కాపీరైటును మళ్లీ నమోదు చేయించుకోవాలి. 1974లో హక్కుదారులు ఆ పని చేయలేదు. బొమ్మ ఉచితంగా దొరుకుతోందని తెలియగానే ఊరూరి టీవీ స్టేషన్లు డిసెంబరు పొడుగునా దాన్నే వేయసాగాయి. ఒకే వారంలో నాలుగైదు చానెళ్లలో కనిపించేది. కథ మీదా సంగీతం మీదా ఉన్న హక్కుల ఆధారంగా 1993లో హక్కుదారులు మళ్లీ అజమాయిషీ తెచ్చుకునేసరికి, దాదాపు ఇరవయ్యేళ్లు గడిచి ఆ సినిమా క్రిస్మస్‌లో భాగమైపోయింది.

భాషాపరంగా చూస్తే అందులో ఒక ఘట్టం పాఠ్యపుస్తకంలో నాలుగు పేజీలకు సమానం. కథానాయకుడు జార్జ్ బెయిలీకి ఆ రోజే పెళ్లయింది. కొత్త పెళ్లికూతురితో టాక్సీలో హనీమూన్‌కు బయలుదేరితే దారిలో బ్యాంకు ముందు జనం మూగి ఉంటారు. అతను నడిపే గృహరుణ సంస్థ దగ్గరా అదే పరిస్థితి. డిపాజిటుదారులు తమ సొమ్ము ఇప్పుడే ఇచ్చేయమంటారు. మీ డబ్బు ఇనప్పెట్టెలో లేదు, మీ పక్కింటివాడి ఇల్లుగా మారి ఉందని జార్జ్ ఒక్కొక్కరికీ నచ్చజెబుతాడు. చివరికి హనీమూన్ కోసం దాచుకున్న 2,000 డాలర్లు పంచిపెట్టి, సాయంత్రం ఆరింటికి తలుపులు మూసేసరికి రెండు డాలర్లు మిగుల్చుకుంటాడు. డిపాజిటు, షేరు, లోను, విత్‌డ్రా లాంటి మాటలన్నీ మనుషుల ముఖాల్లోని భయంతో కలిసి వినపడతాయి. 'బ్యాంకు మీద రన్' అంటే బ్యాంకు దాకా పరుగెత్తడం మాత్రమే కాదని, నమ్మకం పోయి అందరూ ఒకేసారి డబ్బు అడగడమని వేరే చెప్పనక్కర్లేదు.

జర్మనీలో ఇలా ఏటేటా ఇంగ్లిషు నేర్పే పని చేసింది సినిమా కూడా కాదు, 18 నిమిషాల హాస్యనాటిక. బ్రిటిష్ నటుడు ఫ్రెడీ ఫ్రింటన్ వేదికల మీద ఆడుతుండిన 'డిన్నర్ ఫర్ వన్'ను 1963లో హాంబుర్గ్‌లో ఎన్‌డీఆర్ టీవీ సంస్థ చిత్రీకరించింది. మొదట జర్మన్‌లో కాస్త పరిచయం, తరువాత అంతా ఇంగ్లిషే. 1972 నుంచి అది ఏటా డిసెంబరు 31న వస్తోంది. మిస్ సోఫీకి 90వ పుట్టినరోజు, ఆమె అతిథులు నలుగురూ ఎప్పుడో కాలం చేశారు. బట్లర్ జేమ్స్ నాలుగు ఖాళీ కుర్చీల ముందూ గ్లాసులు నింపి, వాళ్ల బదులు తానే తాగుతూ, నేలమీది పులితోలు తల కాలికి తగిలి తూలుతూ వడ్డిస్తాడు. ప్రతి వడ్డన దగ్గరా పోయినేటి పద్ధతేనా అని అడుగుతాడు. ఏటా ఉండే పద్ధతే అని ఆమె జవాబు. వినగా వినగా ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చిన జర్మన్లకూ 'సేమ్ ప్రొసీజర్' నాలుక మీదికి వచ్చింది. రాజకీయ నాయకుల మీద చురకలకు కూడా దాన్ని ఇంగ్లిషులోనే వాడతారు. మొదటి వడ్డన మల్లిగటానీ సూపు. తమిళుల 'మిళగు తణ్ణి' ఇంగ్లిషువాళ్ల నోట పడి ఆ రూపు దాల్చింది, మన మిరియాల చారుకు దగ్గరి చుట్టమే. బ్రిటన్ టీవీలో ఈ నాటిక మొదటిసారి వచ్చింది మాత్రం 2018లో.

మళ్లీమళ్లీ వేసినంత మాత్రాన భాష వచ్చేస్తుందా అంటే, పోలండ్‌ను చూడాలి. అక్కడ క్రిస్మస్‌కు 'హోమ్ ఎలోన్' అనే అమెరికన్ సినిమా ఉండి తీరాలి. 2010లో ఒక చానెల్ ఆ ఏడు వేయబోవడం లేదని తెలిసి జనం గొడవ చేస్తే వెనక్కి తగ్గింది. అయితే పోలిష్ టీవీలో పాత్రలందరి మాటలనూ ఒకే మగగొంతు పోలిష్‌లో చదువుతుంది, అసలు ఇంగ్లిషు దాని అడుగున సన్నగా వినపడుతుంది. నూరుసార్లు చూసినా చెవిన పడేది ఆ చదువరి గొంతే.

వేరేచోట్ల ఇంగ్లిషు మాటను ఇంగ్లిషులోనే అందించినవి తెరమీది అక్షరాలు. 1972లో బోస్టన్ టీవీ కేంద్రం 'ది ఫ్రెంచ్ చెఫ్' అనే వంటల కార్యక్రమాన్ని బధిరుల కోసం అక్షరాలతో ప్రసారం చేసింది. 1980 మార్చి నుంచి ఇష్టమున్నవాళ్లకే కనిపించే క్యాప్షన్లు మొదలయ్యాయి. వాటికి టీవీ పక్కన ప్రత్యేకంగా ఒక పెట్టె కొని పెట్టుకోవాలి. 1990లో అమెరికా చేసిన చట్టం వల్ల 1993 జులై నుంచి 13 అంగుళాలూ అంతకుమించిన ప్రతి కొత్త టీవీలోనూ ఆ ఏర్పాటు లోపలే వచ్చింది. చట్టం ఉద్దేశం బధిరుల సౌకర్యం. కానీ వలసవచ్చిన కుటుంబాలకూ చేతికందిన పాఠమైంది. బ్రిటన్‌లో టెలిటెక్స్ట్ 888వ పేజీ ఇదే పని చేసేది. విదేశీ విద్యార్థులకు ఆ ఉపశీర్షికలు ఎలా ఉపయోగపడతాయో రాబర్ట్ వాండర్‌ప్లాంక్ 1988లో పరిశోధనాత్మకంగా రాశాడు.

క్యాసెట్టు వచ్చాక మాటను ఆపి, వెనక్కి తిప్పి వినే వీలు కలిగింది. 1990 నాటి 'హోమ్ ఎలోన్' ఈ విద్యను తెరమీదే చూపించింది. ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఎనిమిదేళ్ల కెవిన్, పిజ్జా తెచ్చిన కుర్రాడు వచ్చేసరికి వీసీఆర్‌లో పాత గ్యాంగ్‌స్టర్ సినిమా పెడతాడు. మాట కావలసినచోట ప్లే, అక్కర్లేనిచోట పాజ్. తెరలోని రౌడీ గొంతే ఇంటి యజమాని గొంతుగా తలుపు బయటికి వినపడుతుంది. చిల్లర ఉంచుకో అనే 'కీప్ ది చేంజ్' కూడా ఆ రౌడీ మాటే, తుపాకీ మోతతో సహా. ఆ గ్యాంగ్‌స్టర్ సినిమా నిజంగా లేదు. ఈ ఘట్టం కోసమే నలుపు తెలుపుల్లో తీశారు.

భారతదేశంలో ఇదే ఆలోచన తిరగబడి పనిచేసింది. తరువాత అహ్మదాబాద్ ఐఐఎంలో అధ్యాపకుడైన బ్రిజ్ కొఠారీకి 1996లో అమెరికాలో స్పానిష్ సినిమా చూస్తుండగా, కింద ఇంగ్లిషు బదులు స్పానిష్ అక్షరాలే ఉంటే భాష తొందరగా వచ్చేది కదా అనిపించింది. 1999లో గుజరాతీ సినిమా పాటలకు దూరదర్శన్‌లో గుజరాతీ అక్షరాలే వేయించాడు. తరువాత తెలుగుతో సహా మరికొన్ని భాషలకూ అది విస్తరించింది. పరాయిభాష కోసం పుట్టిన ఊహ సొంతభాష చదవడం నేర్పడానికి పనికొచ్చింది. ఇంగ్లిషు సినిమా చానెళ్లు కూడా ఇంగ్లిషు అక్షరాలే వేయసాగాక తెలుగు ఇళ్లలోనూ హాలీవుడ్ ఉచ్చారణ కొరుకుడు పడింది.

ఈ సినిమాల ఇంగ్లిషు అంతా నేటిది కాదు. 1940ల అమెరికన్ సినిమాల్లో మెచ్చుకోలుకు విరివిగా వాడిన 'స్వెల్' ఇవాళ పాతకాలపు మాట. 1983 నాటి 'ఎ క్రిస్మస్ స్టోరీ'లో మంచులా చల్లబడిన ఇనపస్తంభానికి నాలుక ఆనించమని పిల్లలు విసురుకునే 'డబుల్ డాగ్ డేర్' బడిపిల్లల సవాలు. దమ్ముంటే చెయ్యి చూద్దాం అన్నంత చనువు ఉన్నచోటే చెల్లుతుంది, ఆఫీసు ఉత్తరంలో చెల్లదు. 'కీప్ ది చేంజ్' మాత్రం ఇప్పటికీ ఏ టాక్సీలోనైనా చెల్లుతుంది.