కాయలు కాచిన చేతులు

క్రీస్తు శకము 81 మొదలు 96 వఱకు రోమా సామ్రాజ్యమును డొమీషియను కైసరు ఏలెను. అతడు మిక్కిలి అనుమానము గలవాడు. జనులు తన్ను ప్రభువనియు దేవుడనియు పిలువవలెనని కోరెనని రోమా చరిత్రకారుడగు సూటోనియసు వ్రాసియున్నాడు. ఈ రాజు కాలమున యూదుల దేశమునుండి సేద్యగాండ్రు కొందఱు పట్టుబడి అతని యెదుటికి తేబడిరి. వారు దొంగిలినవారు కారు, కొట్లాడినవారును కారు. దావీదు వంశమున పుట్టుటయే వారిమీద మోపబడిన నేరము.

ఆ వంశము నేరమెట్లాయెను? దావీదు సింహాసనము నిత్యము నిలుచునని నాతాను ప్రవక్త ద్వారా దేవుడు వాగ్దానము చేసెను. బబులోనువారు యెరూషలేమును పాడుచేసిన పిమ్మట ఆ సింహాసనముమీద ఎవడును కూర్చుండలేదు. అయినను వాగ్దానమును జనులు మఱువలేదు. క్రీస్తు పూర్వము 63లో పాంపే సేనాని వచ్చి దేశమును రోమావారి వశము చేసెను. క్రీస్తు పూర్వము 4లో హేరోదు చనిపోగానే రాజగృహపు దాసుడగు సీమోను ఒకచోటను, అత్రోంగెసు అను గొఱ్ఱెలకాపరి మఱియొకచోటను తమ తలలమీద కిరీటములు పెట్టుకొనిరి. ఆ అల్లరులను అణచుటకు వచ్చిన వారుసు అను అధిపతి ఇంచుమించు 2000 మందిని సిలువ వేయించెనని జోసీఫసు చెప్పుచున్నాడు. రాజు అను మాటకు ఆ దేశమున అంత వెల యుండెను. మన ప్రభువు సిలువకు పైగా పిలాతు మూడు భాషలలో వ్రాయించి పెట్టినదియు ఆ మాటయే.

66లో యూదులు తిరుగబడిరి. 70లో డొమీషియను అన్నయగు తీతు సేనలు యెరూషలేమును పట్టుకొనగా దేవాలయము కాలిపోయెను. అంతవఱకు ఆ దేవాలయమునకు చెల్లుచుండిన పన్నును యూదులు రోమాలోని జూపిటరు గుడికి చెల్లింపవలసివచ్చెను. దావీదు వంశస్థులను వెదకుడని తండ్రియగు వెస్పాసియను ఆజ్ఞ ఇచ్చెనని పూర్వులు చెప్పిరి. ఆ తండ్రి భయమే కుమారునికిని సంక్రమించెను.

పట్టుబడినవారు యూదా అనువాని మనుమలు. ఈ యూదా ఇస్కరియోతు కాడు, ప్రభువు సహోదరులలో ఒకడు. నజరేతువారు ఆయనను వడ్లవాడని తీసివేసినప్పుడు చెప్పిన నలుగురు సహోదరుల పేళ్లలో ఇతని పేరును కలదు. ఆ సహోదరులు మొదట ఆయనయందు విశ్వాసముంచలేదని యోహాను సువార్త దాచక చెప్పుచున్నది. ఒక పొయ్యి కూడు తిని పెరిగినవానిని వాగ్దత్తరాజని ఒప్పుకొనుట పరాయివారికంటె ఇంటివారికే కష్టము కాబోలు! పునరుత్థానము తరువాతనే వారు శిష్యులతో కూడి ప్రార్థించుచు కనబడుదురు. యూదా పేరనున్న పత్రికలో అతడు తన్ను యేసుక్రీస్తు దాసుడననియు యాకోబు సహోదరుడననియు చెప్పుకొనెనే గాని, ప్రభువు తమ్ముడనని ఎక్కడను చెప్పుకొనలేదు. చుట్టఱికము విడిచి శిష్యత్వమునే పట్టుకొనెను.

మనుమలు కైసరు ఎదుట నిలిచిరి. మీరు దావీదు వంశస్థులా యని అతడు అడిగెను, ఔననిరి. మీ ఆస్తి ఎంత యనెను. ఇద్దఱికిని కలిసి 9000 దేనారముల ఆస్తి కలదనియు, అది రొక్కము కాదు, 39 ప్లెత్రముల నేల వెల యనియు చెప్పిరి. మన లెక్కకు అది ఇంచుమించు 9 ఎకరములు. దేనారము కూలివాని ఒక దినపు కూలి యని ద్రాక్షతోట ఉపమానమువలన చదువరులెఱుగుదురు. తామే దున్నుకొని, ఆ పంటతోనే పన్ను చెల్లించి పొట్ట పోసికొనుచున్నామని చెప్పి, వారు తమ చేతులు చాచిరి. పార పట్టి పట్టి అరచేతులు కాయలు కాచియుండెను, ఒళ్లు గట్టిపడియుండెను.

అంతట కైసరు క్రీస్తునుగూర్చియు ఆయన రాజ్యమునుగూర్చియు అడిగెను. మాకు రాజెవడును లేడనినయెడల ప్రాణభయము తీరియుండును. వారట్లనలేదు. ఆ రాజ్యము ఈ లోకసంబంధమైనది కాదనియు, పరలోకసంబంధమైనదనియు, యుగాంతమున ఆయన మహిమతో వచ్చి సజీవులకును మృతులకును తీర్పు తీర్చుననియు చెప్పిరి. కైసరు వారిని అల్పులుగా ఎంచి విడిచిపెట్టెను.

ఈ వృత్తాంతమును రెండవ శతాబ్దమున హెగెసిప్పు వ్రాసెను. అతని గ్రంథము నశించినది. నాలుగవ శతాబ్దమున యూసేబియు ఎత్తి వ్రాసిన భాగములే మిగిలినవి. కైసరు తానే విచారించుట నిజమా యని సందేహించు పండితులు కలరు. సందేహింపవచ్చును. అయితే కల్పించి వ్రాయువాడు దర్శనమునో అద్భుతమునో చేర్చును గాని, ఎకరముల లెక్కయు అరచేతి కాయలును చేర్చునా?

డొమీషియను 96లో తన ఇంటి కొలువువారి చేతనే చంపబడెను. శాసనములనుండి అతని పేరు చెక్కివేయించిరి. ఆ సేద్యగాండ్రు మాత్రము సంఘములకు పెద్దలై, 98లో రాజైన ట్రాజను కాలమువఱకు బ్రదికిరి. ఆ ట్రాజను దినములలోనే వారి బంధువును యెరూషలేము సంఘాధ్యక్షుడును నగు క్లోపా కుమారుడైన సిమెయోను, దావీదు వంశస్థుడనియు క్రైస్తవుడనియు నేరము మోపబడి, అనేక దినములు హింసింపబడి, సిలువ వేయబడెను.